వెనక సీటులో షార్ట్ సర్క్యూట్

రాబర్ట్ పిర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంజనీరింగ్ కాలేజీలో, తత్వం కోసం. రెండోసారి ఉద్యోగంలో చేరాక, అది అసలు మోటార్‌సైకిళ్ళ గురించిన పుస్తకమే కాదని ఎవరో అంటే ఉక్రోషంతో. మూడోసారి మొన్న వర్షాకాలంలో, నా బండి నడిరోడ్డు మీద మాటిమాటికీ చచ్చిపోతుంటే. ఈ మూడోసారే ఆ పుస్తకంతో నాకు పేచీ వచ్చింది.

ముందు బండి సంగతి చెప్పాలి. మా నాన్న కొన్న బుల్లెట్ అది, స్టాండర్డ్ 350, 1996 మోడల్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే పాత రకం. దాని కరెంటు వ్యవహారమంతా ఒక చిన్న కాగితం మీద గీసేయొచ్చు. 12 వోల్టుల బ్యాటరీ, ఒక ఫ్యూజు, తాళంచెవి, కాయిలు, కాంటాక్ట్ పాయింట్లు, లైట్లు, హారను, హెడ్‌లైట్ డూమ్ మీద ఒక ఆమ్మీటర్. బ్యాటరీలోంచి ఒక తీగ బయల్దేరుతుంది. తిరిగొచ్చే తీగంటూ వేరే ఉండదు, బండి ఒళ్ళే తిరుగుదారి. కాబట్టి ఎక్కడైనా తీగ మీది తొడుగు అరిగి లోపలి రాగి ఇనుముకి తగిలిందంటే, కరెంటు బల్బు దాకా వెళ్ళే శ్రమ పెట్టుకోదు. అక్కణ్నించే ఇంటికి తిరిగొచ్చేస్తుంది. అడ్డు లేని దారి కనక వరదలా వస్తుంది, ఫ్యూజు మాడిపోతుంది. షార్ట్ సర్క్యూట్ అంటే అంతే. మన పేపర్లలో మాత్రం ఏ గోడౌను తగలబడ్డా మర్నాటికల్లా "షార్ట్ సర్క్యూట్ వల్ల" అని వచ్చేస్తుంది. పల్లెల్లో పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితే "గాలి సోకింది" అన్నట్టే, అదొక కారణం పేరుతో ప్రశ్నని పడుకోబెట్టే మాట.

జులైలో రామవరప్పాడు రింగు దాటాక మొదటిసారి పోయింది. రాత్రి ఎనిమిదిన్నర. వెనక మా అమ్మాయి, ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నాను. ఒక్క క్షణంలో లైటు, ఇంజను, హారను, అన్నీ ఒకేసారి. వెనకాల లారీ. ఎలాగో పక్కకి దింపాను. ఫ్యూజు మార్చి కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. పది రోజులకి మళ్ళీ. ఆగస్టులో ఇంకోసారి, ఈసారి వానలో. ఆ మధ్యలో నేనొక్కణ్నే దానిమీద ఎంతో తిరిగాను, గుంతలు వెతుక్కుని మరీ ఎక్కించాను, లైటు వేసి కావాలని హ్యాండిల్ అటూఇటూ విరిచాను. ఊహూ.

అప్పుడే పుస్తకం మళ్ళీ దించాను. చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1968లో పిర్సిగ్ తన పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని వెనక కూర్చోబెట్టుకుని మినియాపొలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా హోండా సూపర్ హాక్ మీద వెళ్ళాడు. 17 రోజుల ప్రయాణం. ఆ ప్రయాణాన్ని దారంగా పెట్టుకుని, మధ్యమధ్య 'చతాక్వా' అని తనే పిలుచుకున్న ఉపన్యాసాలు గుచ్చుతూ పుస్తకం రాశాడు. 121 మంది ప్రచురణకర్తలు కాదన్నాక 1974లో అచ్చయింది. ఆ బండి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు.

పుస్తకంలో పేరుమోసిన భాగం 'క్వాలిటీ' గురించిన చర్చ. దాని మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు, నేను దాటేస్తాను. నాకు ఆ పుస్తకంలో బలమైన పేజీలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, బండి పాడైనప్పుడు నోట్‌బుక్ ఎలా రాసుకోవాలో చెప్పే చోటు. సమస్య ఏమిటి, ఏమనుకుంటున్నావు, దాన్నెలా పరీక్షిస్తావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది, దాన్నుంచి ఏం తేలింది. ఇందులో ఆయన పట్టుబట్టే ఒక చిన్న విషయం ఉంది, నిజంగా బంగారం. సమస్య రాసేటప్పుడు "ఎలక్ట్రికల్‌లో ఏం తేడా వచ్చింది?" అని రాయకూడదంటాడు. "బండికి ఏమైంది?" అని మాత్రమే రాయాలి. తేడా ఎలక్ట్రికల్‌లో ఉందనేది అప్పటికి నీ ఊహ. దాన్ని ఊహల వరసలో మొదటిదిగా రాసుకో, ప్రశ్నలోకి దొంగచాటుగా దూర్చకు. ఆయన బతుకుతెరువు కంప్యూటర్ మాన్యువళ్ళు రాయడం. ఆ చేతివాటం ఇక్కడ కనిపిస్తుంది.

రెండోది, పని మీద దమ్ము పోగొట్టే ఉచ్చుల జాబితా. 'గంప్షన్' అంటాడు ఆయన. మన మాటల్లో ఊపు, హుషారు, తెగించి పని మీద పడే గుణం. ఆ ఉచ్చుల్లో ఒకటి ఉండీ ఉండీ కనిపించే లోపం. బాగుచేద్దామని చెయ్యి పెట్టేసరికి అంతా సరిగ్గా ఉంటుంది. ఉదాహరణగా ఆయన చెప్పింది షార్ట్ సర్క్యూట్‌నే. బండి ఎగిరెగిరి పడుతున్నప్పుడే తగులుతుంది, ఆపితే పోతుంది. మళ్ళీ పాడయ్యేదాకా చూడటం తప్ప చేసేదేమీ లేదు. ఇక్కడ ఇచ్చిన సలహాలు రెండు. లోపం వచ్చినప్పుడల్లా బండి ఇంకేం చేస్తోందో జతచేసి చూడు: గతుకుల్లోనా, మలుపుల్లోనా, వేగం పెంచినప్పుడా, ఎండ రోజుల్లోనా? రెండు, బాగైందని వెంటనే అనేసుకోకు, కొన్ని వందల మైళ్ళు తిరిగాక అనుకో.

చిన్న సణుగుడు. ఆయన ఇక్కడ రెండు వేరువేరు రోగాల్ని ఒకే పేరు కింద కట్టేశాడు. ఇంజను గతుకుల్లో తప్పుకొట్టి మళ్ళీ అందుకుంటోందంటే చాలాసార్లు అది షార్ట్ కాదు, లూజు. ఎక్కడో తీగ విడిపోయి మళ్ళీ అతుక్కుంటోంది. ఫ్యూజు ఉన్న బండిలో నికరమైన షార్ట్ అలా తనంతట తను సర్దుకోదు, మాడిన ఫ్యూజుని వదిలి వెళుతుంది. నా బండికి సాక్షి ఉన్నాడు, నేరం జరిగిన చోటు మాత్రం తెలీదు. లూజైతే సాక్షి కూడా ఉండడు. వెతికే పద్ధతి ఈ రెంటికీ ఒకటి కాదు.

సరే, నేనూ నోట్‌బుక్ పెట్టాను. తేదీ, చోటు, వేగం, లైటు వేసి ఉందా, బ్రేకు నొక్కానా, హ్యాండిల్ ఎటు తిరిగి ఉంది, వాన. మూడు గండాలు, మూడు వరసలు. మూడిట్లోనూ కలిసింది ఒక్కటే, లైటు వేసి ఉండటం. దాంతో నా చూపంతా ముందుకి పోయింది. డూమ్ విప్పాను. పాత బుల్లెట్లలో తీగలు నలిగే పేరున్న చోటు హ్యాండిల్ మెడ దగ్గర, అక్కడ తొడుగు మొత్తం మార్చి టేపు చుట్టాను. రెండు ఆదివారాలు పోయాయి. ఆ తర్వాతే వానలో మూడోసారి పోయింది.

ఆ రాత్రి నెట్టుకుంటూ వెళితే ఒక షాపులో ఒకతను ఫ్యూజు తీసి, దాని స్థానంలో లావుపాటి రాగి తీగ మెలేసి, "ఇంక పోదు సార్" అన్నాడు. నిజమే, ఫ్యూజు పోదు. ఫ్యూజంటే బండిలో కావాలని పెట్టుకున్న బలహీనమైన చోటు. దాన్ని గట్టి చేస్తే బలహీనమైన చోటు ఇంకెక్కడికో మారుతుంది, పెట్రోలు ట్యాంకు కింది తీగల కట్టలోకైనా సరే. పది నిమిషాల తర్వాత ఆపి తీసేశాను. నెట్టుకుంటూ ఇంటికొచ్చాం, మా అమ్మాయి టార్చి పట్టుకుని ముందు నడిచింది.

అప్పుడు నాకు పిర్సిగ్ మెకానిక్కులు గుర్తొచ్చారు. ఆయన బండి ఇంజను పట్టేస్తోందని ఒక షాపులో ఇస్తాడు. రేడియో హోరెత్తిపోతూ ఉంటుంది. కుర్రాళ్ళు నవ్వుతూ తుళ్ళుతూ ఉలీ సుత్తీ పెట్టి భాగాలు పాడుచేసి ఇస్తారు. చివరికి తేలిందేంటంటే ఆయిలు పంపే చోట ఒక 25 సెంట్ల పిన్ను విరిగిందని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ప్రేక్షకులు అంటాడు పిర్సిగ్. పని వాళ్ళది, కానీ వాళ్ళు అందులో లేరు. పుస్తకం మొత్తానికి ఈ దృశ్యం పునాది. అందుకే తన బండి తనే చూసుకుంటాడు. ఉండీ ఉండీ వచ్చే లోపాల దగ్గర ఆ మాట మళ్ళీ అంటాడు: షాపులో ఇచ్చేవాడికన్నా నువ్వే నయం, బండి ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుంది, లోపం కనిపించేదాకా కాచుకోగలవు. రాగి తీగ చేతిలో పట్టుకుని నేను ఆయనతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవించాను.

ఆ ఏకీభావం నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. అక్కడా రేడియో మోగుతూనే ఉంది. నేను నోట్‌బుక్ తీసి చదవబోయాను. మర్యాదకి ఒక నిమిషం విన్నాడు.

"ఎంతమంది ఎక్కుతారు సార్ దీనిమీద?" అన్నాడు.

"నేనే. అప్పుడప్పుడూ మా అమ్మాయి."

"పోయినప్పుడు పాప ఉందా?"

నోట్‌బుక్‌లో ఆ గడి లేదు. చూసుకోనక్కర్లేదు, నాకు తెలుసు. మూడుసార్లూ ఉంది.

"మరదే," అని లేచాడు.

ఆయన చేసిన పని చెప్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. కాయిలు తీగ ఊడదీశాడు. హెడ్‌లైటు బల్బు, పక్కనుండే రెండు చిన్న బల్బులు, వెనక బల్బు తీసేశాడు. ఫ్యూజు తీసి ఆ రెండు కొసల మధ్య ఒక ఇండికేటర్ బల్బు కట్టాడు. తాళం తిప్పి లైటు స్విచ్చి వేశాడు. ఇప్పుడు బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు తిరిగి రావడానికి దారన్నది లేదు. కాబట్టి మధ్యలో కట్టిన బల్బు వెలగకూడదు, వెలగలేదు. ఒకవేళ వెలిగిందా, ఎక్కడో దొంగదారి ఉన్నట్టు. ఫ్యూజు అయితే ఒకసారి చెప్పి చచ్చిపోతుంది. బల్బు ఎన్నిసార్లు అడిగినా చెప్తుంది. ఖర్చు ఒక బల్బు.

ముందు హ్యాండిల్ తిప్పి చూశాడు, నా మీద గౌరవం కొద్దీ. తర్వాత నన్ను ముందు కూర్చోమన్నాడు. "ఒరేయ్, వెనకెక్కి ఎగురు" అన్నాడు షాపులో కుర్రాడితో. వాడికి ఆ రోజంతటికీ దొరికిన మంచి పని అది. నాలుగో గెంతుకి బల్బు భగ్గున వెలిగి ఆరింది. మళ్ళీ గెంతితే మళ్ళీ. సీటు కింద వెనకలైటుకి పోయే తీగ జాయింటు విడదీసి, "ఇప్పుడెగురు" అన్నాడు. కుర్రాడు ఎంత ఎగిరినా బల్బు చీకటే. వెనక మడ్‌గార్డు లోపలివైపు ఒక క్లిప్పు ఊడిపోయి ఉంది. తీగ ఉచ్చులా కిందికి వేలాడుతోంది. ఒక్కడే కూర్చుంటే టైరు అంత పైకి రాదు. ఇద్దరున్నప్పుడు, అదీ గతుకులో, టైరు పైకొచ్చి దాన్ని రాస్తోంది. గోరంత మేర రాగి తేలి, మడ్‌గార్డుకి తగులుతోంది. ఆ తీగలో కరెంటు ఉండేది లైటు వేసినప్పుడే, అందుకని రాత్రిళ్ళే.

నేనొక్కణ్నే పదివేల కిలోమీటర్లు తిరిగి నోట్‌బుక్ నింపినా ఇది దొరికేది కాదు. లోపం ఒంటరి మనిషికి కనబడే రకం కాదు.

ఇక్కడే నా పేచీ. జతచేసి చూడమన్న పిర్సిగ్ జాబితాలో గతుకులున్నాయి, మలుపులున్నాయి, ఎండలున్నాయి. వెనక ఎవరున్నారన్నది లేదు. ఇది మరచిపోయిన చిన్న వివరం కాదని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పుస్తకంలో వెనక సీటులో ఒక పిల్లాడున్నాడు. వాడికి ఉండీ ఉండీ కడుపునొప్పి వస్తుంది. డాక్టర్లకి ఒంట్లో ఏమీ కనబడదు. అది మానసిక రోగం తొలి లక్షణాలు కావచ్చని చెప్పారని తండ్రి, దారిలో కలిసి వస్తున్న స్నేహితులతో అంటాడు. ఏడుస్తాడు, అలుగుతాడు, మళ్ళీ మామూలుగా ఉంటాడు. బండి ఒక్క గతుకులో తప్పుకొడితే దానికి మూడు పరీక్షలు ఆలోచించే తండ్రి, ఈ కడుపునొప్పి ఎప్పుడెప్పుడు వస్తోంది, అప్పుడు తను ఏం చేస్తున్నాడు, ఏం మాట్లాడకుండా ఉన్నాడు అన్నది జతచేసి చూడడు. చూస్తే జవాబు తనే అవుతాడన్న భయం కావచ్చు.

ఆ భయానికి కారణం పుస్తకమే చెబుతుంది. ఈ తండ్రి ఒకప్పుడు మతి తప్పిన మనిషి. ఆసుపత్రిలో 28 సార్లు అతని తలలోకి కరెంటు పంపారు. ఎన్ని మిల్లీయాంపులు, ఎంతసేపు, అన్నీ ఒక సర్వీసు మాన్యువల్ గొంతుతో రాస్తాడు. పుస్తకం మొత్తం మీద అంత చల్లటి పేరా ఇంకోటి లేదు. ఆ కరెంటుతో చెరిపేసిన పాత మనిషికి 'ఫీడ్రస్' అని పేరు పెట్టి, వాడెవడో పరాయివాడైనట్టు వెతుక్కుంటూ పోతాడు. కొడుకు వెతుకుతున్నది కూడా ఆ మనిషినే. మునుపటి నాన్నని. ఒకే బండి మీద ఇద్దరు ఒకే మనిషిని వెతుకుతున్నారు, ముందున్నవాడు ఆ సంగతి వెనకున్నవాడితో చెప్పడు.

కొడుకుని మానసిక వైద్యుల దగ్గరికి పంపడం ఎందుకు మానేశాడో ఒకచోట చెబుతాడు. వాళ్ళు మనవాళ్ళు కారు, కానివాళ్ళకి ఆ దయ ఎలా వస్తుందని. మొదటి రెండుసార్లూ ఈ వాక్యాల్ని నేను మెచ్చుకున్నాను. ఈసారి అవి మెకానిక్కుల దృశ్యం పక్కన పెట్టి చదివాను. రెండూ ఒకే మాట. నాది కాబట్టి నేను పట్టించుకుంటాను, పరాయివాడు పట్టించుకోడు. ఆటోనగర్ పెద్దాయనకి నా బండి ఏమీ కాదు. మా అమ్మాయిని ఆయన చూడను కూడా లేదు. కానీ ఆమె గురించి అడిగింది ఆయన, అడగనిది నేను. ప్రేమ ఎక్కువై చూడలేకపోవడం ఉంటుంది, పని తెలిసి చూడటం ఉంటుంది. పిర్సిగ్ ఈ రెండోదాన్ని తన బండి మీద తను చేసినప్పుడే నమ్ముతాడు.

ఈ విషయంలో మాథ్యూ క్రాఫర్డ్ నయం. 2009లో వచ్చిన ఆయన పుస్తకం 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' పిర్సిగ్ అంత గొప్పది కాదు, కొన్నిచోట్ల ఆఫీసు ఉద్యోగుల మీద అక్కసు ఎక్కువైంది. కానీ ఆయన డిగ్రీ చేతిలో పెట్టుకుని కూడా రిపేరు షాపు నడిపినవాడు. పరాయివాళ్ళ బండ్లు బాగుచేసి డబ్బు తీసుకున్నవాడు. ఒక పాత హోండా విప్పుతూ, తన కుతూహలం కొద్దీ ఒక సీలు వెంటపడి గంటలు గంటలు పోగొట్టి, ఇందులో ఎన్ని గంటలకి బండివాడి దగ్గర డబ్బు తీసుకోవడం న్యాయమని మథనపడతాడు. పిర్సిగ్‌కి ఈ మథనం ఎప్పుడూ రాలేదు, ఆయన బండికి బిల్లు కట్టేదీ ఆయనే. ఇంకొకరి వస్తువు మీద చెయ్యి పెట్టినవాడి నీతి వేరే ఉంటుంది.

అయితే పిర్సిగ్ పుస్తకాన్ని ఇంతటితో కొట్టిపారేస్తే తప్పు చేసినవాణ్నవుతాను. ఉపన్యాసకుడు చూడనిది కథ చూస్తుంది. చివర్లో కాలిఫోర్నియా తీరంలో తండ్రీకొడుకుల మధ్య అంతా బద్దలై, అప్పుడు పిల్లాడు అడగాల్సింది అడుగుతాడు, నీకు నిజంగా పిచ్చి పట్టిందా అని. తండ్రి లేదంటాడు. తర్వాత హెల్మెట్లు తీసి వెళుతుండగా, క్రిస్ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడతాడు. అంతకుముందు వేల మైళ్ళు వాడు చూసింది నాన్న వీపే. ఇప్పుడు భుజాల మీదుగా రోడ్డు కనబడుతోంది. ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ని ఎక్కించి గెంతమన్నట్టే ఉంటుంది నాకు ఆ దృశ్యం. వెనకున్నవాడు కదిలితేనే లోపం దొరికింది. ఇది రాసిన మనిషికి తన ఉపన్యాసాల్లో ఏం లేదో తెలుసు, కనీసం చెయ్యికి తెలుసు. అందుకే నాలుగోసారి కూడా చదువుతాను.

క్రిస్ 1979లో శాన్ ఫ్రాన్సిస్కోలో హత్యకి గురయ్యాడు. 1984 ముద్రణకి పిర్సిగ్ చేర్చిన వెనకమాట ఆ కొడుకు ఎక్కడికి వెళ్ళాడన్న ప్రశ్న. అక్కడ చతాక్వా గొంతు లేదు. ఈ పుస్తకం చదివేవాళ్ళు దాన్ని వదిలేయకండి.

మా బండికి తీగ మార్చి, కొత్త క్లిప్పు వేసి, ఆ పెద్దాయన 150 రూపాయలు తీసుకున్నాడు. బల్బు తీసి నా చేతికిచ్చి, సీటు కింద పెట్టుకోమన్నాడు. అప్పట్నుంచి 340 కిలోమీటర్లు తిరిగాను, ఫ్యూజు పోలేదు. పిర్సిగ్ లెక్కన చూస్తే ఇంకా తొందరే. పైగా అందులో మా అమ్మాయి వెనక కూర్చున్నవి 60 కిలోమీటర్లే, పరీక్షలని ఈ నెల ట్యూషన్ లేదు.